కుర్చీ వెనక వైపు

  1951 ఫిబ్రవరిలో చండీగఢ్ నగరం కట్టడానికి ఆర్కిటెక్టు ల కార్బూజియే మన దేశంలో అడుగుపెట్టాడు. ఆయన దాయాది సోదరుడు పియెర్ జన్నరే అక్కడే 1965 దాకా ఉండిపోయి, యూలీ చౌధురి వంటి మన ఆర్కిటెక్టులతో కలిసి కచేరీలకూ కాలేజీలకూ టేకు, పేము కుర్చీలు రూపొందించాడు. వాటిని చేసింది స్థానిక వడ్రంగులు.

పాతబడ్డాక ఆ కుర్చీలు తుక్కు కింద అమ్ముడుపోయి, విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. అనుమతి లేకుండా అమ్మకూడదని కేంద్ర హోంశాఖ 2011లో ఆదేశించాల్సి వచ్చింది.

ఆ కుర్చీలను ప్రదర్శనకు పెట్టేవారు తెల్లగోడ ముందు, ఎత్తు దిమ్మె మీద నిలబెడితే అన్యాయం చేసినట్టే. వాటిని వెనక్కి తిప్పాలి. ఏ శాఖదో, ఎన్నో నంబరో రంగుతో కొట్టిన అక్షరాలు అక్కడున్నాయి. మళ్లీ అల్లిన పేమునూ దాచకూడదు. కళాకారిణి అమీ సీగెల్ 2013లో తీసిన ‘ప్రావినెన్స్’ చిత్రం ఈ కుర్చీల వెంట ధనికుల ఇళ్ల నుంచి మొదలై, వేలంశాల మీదుగా వెనక్కి నడిచి, చండీగఢ్ చేరింది. ప్రదర్శనశాలలో గదుల వరసకు అంతకన్నా మంచి పాఠం లేదు.

చీరకూ ఇదే వర్తిస్తుంది. గోడకు వేలాడే పోచంపల్లి పట్టుచీర పక్కన రంగు అంటకుండా పోగులకు బిగించిన సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు ఉండాలి. సగం విప్పినవైతే మరీ మంచిది, ముడి కింద తెల్లగా మిగిలిన పోగు కనిపిస్తుంది. గుంట మగ్గాన్ని దిమ్మె ఎక్కించొద్దు. నేసేవారి కళ్లు ఉండే ఎత్తులోనే చూడాలి కాబట్టి, చూడవచ్చినవారికి నేలమీద చాప వేయాలి.

ముడులు వేసేముందు పోగును మేకుల చుట్టూ తిప్పే ఆసును మాత్రం చూస్తే చాలదు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పాత ఆసునూ ఆ యంత్రాన్నీ పక్కపక్కనే ఉంచి, వచ్చినవారి చేత పది నిమిషాలు ఆసు పోయించాలి. నేర్పడానికి పోచంపల్లి ఆడవాళ్లనే పిలవండి. ఆ ఖర్చును ప్రదర్శన బడ్జెట్‌లో దీపాలకన్నా ముందే రాయండి. రోజుకూలి కాదు, ఉపన్యాసకులకు ఇచ్చే పారితోషికమే ఇవ్వండి.