కుండలో ఎరువు

బీరకాయ చెక్కును చెత్తబుట్టలో వేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. లేతదైతే పచ్చడికి పనికొస్తుంది, అది వేరే సంగతి. ముదిరిందా? అడుగున, పక్కల చిల్లులు పెట్టిన పాత కుండలో వేసి, పైన గుప్పెడు ఎండుటాకులు చల్లండి. కాఫీపిప్పి, అరటితొక్కలు, వాడిన పూలు కూడా అందులోకే. వారానికోసారి పుల్లతో కలియబెడితే గాలి ఆడుతుంది. ఇదే చెత్త డంపింగ్ యార్డు గుట్ట కింద గాలందక కుళ్లితే మీథేన్ పుడుతుంది, వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. కుండ వాసనేస్తోందంటే తడి ఎక్కువైందన్నమాట. ఇంకో రెండు గుప్పిళ్లు ఎండుటాకులు వేస్తే సరి. చేపముళ్లు, మిగిలిపోయిన కూరలు మాత్రం వద్దు, ఎలుకలు దిగుతాయి. రెండు మూడు నెలలకు అడుగున నల్లటి ఎరువు తయారవుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తొలకరి పడ్డ నేల వాసన. మా కరివేపాకు మొక్కకు అదే తిండి.