ఆఫీసు కాపీ ఎక్కడుంది?



మన్సూరాబాద్‌లో మా ఇంటి మేడమీద మా మనవడు ఒకే పెట్టెలో, ప్రాక్స్‌మాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో, నాలుగు కంప్యూటర్లు నడుపుతాడు. వర్చువల్ మెషీన్లట. ఒకదానిలో నా పీపీవో స్కాను దాచాడు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు కింది గదిలో ట్రంకుపెట్టె మునిగి అసలు కాగితం నానిపోయింది. అదే రాత్రి కరెంటు వస్తూ పోతూ పైన డిస్కూ చెడింది.

"స్నాప్‌షాట్ ఉంది తాతయ్యా" అన్నాడు. తీరా చూస్తే అదీ ఆ డిస్కులోనే! ఆఫీసు కాపీని అసలు ఉత్తరంతోపాటే పోస్టులో పంపేస్తామా? డూప్లికేటు పీపీవో కోసం నాలుగు నెలలు తిరిగాను.

ఇప్పుడు వారం వారం వేరే డిస్కులోకి బ్యాకప్ తీస్తాడు. ఇంకో ప్రతి వనస్థలిపురంలో మా అమ్మాయి ఇంట్లో ఉంటుంది. నెలకొకసారి దాన్ని తిరిగి ఎక్కించి నా ఎదుట తెరవమంటాను. పోయిన నెల ఒకటి తెరుచుకోలేదు. వాడు ఆ రాత్రే కూర్చుని మళ్లీ తీశాడు.