బొమ్మ కింద రాసిన పేరు



చిత్రలేఖనం మనసుకు ఏ విధంగా ఔషధమవుతుందో చెప్పవలసిందిగా నిర్వాహకులు కోరారు. నేను వైద్యుణ్ణి కాను, చిత్రకారుణ్ణీ కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి. అందుచేత చరిత్రలో జరిగిన ఒక ఉదంతాన్ని మీ ముందుంచుతాను.

ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ 1898లో వియన్నాలో జన్మించిన యూదు చిత్రకారిణి. 1942 డిసెంబరులో నాజీలు ఆమెను చెక్ ప్రాంతంలోని టెరెజిన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. వెంట తీసుకువెళ్లనిచ్చింది 50 కిలోల సామాను మాత్రమే. అందులోనే ఆమె చిత్రలేఖన సామగ్రికి చోటు కల్పించారు. ఆకలితో, భయంతో అలమటిస్తున్న పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పారు. వాడి పారేసిన కార్యాలయ ఫారాలు సైతం వారికి డ్రాయింగు కాగితాలయ్యాయి. ఇల్లు, పూలు, సీతాకోకచిలుకలు, తమకు తోచినదేదైనా వారు గీసేవారు. ప్రతి బొమ్మపైనా పిల్లల చేత పేరు రాయించేవారామె. నిర్బంధ యంత్రాంగం దృష్టిలో ఆ పిల్లలు జాబితాలోని సంఖ్యలు. మనిషిని సంఖ్యగా మార్చడం ఎంత సులభమో ఫైళ్ల మధ్య బతికినవారికి తెలుసు.

1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపారు. పిల్లల్లో అత్యధికులూ బతకలేదు. రెండు పెట్టెల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. కనుక కళ అన్యాయాన్ని ఆపుతుందని నేను చెప్పబోను. ఆ అన్యాయం నడుమ పసి మనసు కూలిపోకుండా కొంతకాలం ఆదుకున్నది. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ తరువాత అమెరికాలో చిత్రకళా చికిత్సకు పునాది వేసినవారిలో ఒకరయ్యారు.

మాటకందని భయం కాగితం మీదికి వచ్చినప్పుడు దాన్ని ఎదుట పెట్టుకుని చూడవచ్చు, మార్చవచ్చు, పక్కన పెట్టవచ్చు. కళలకూ ఆరోగ్యానికీ గల సంబంధంపై మూడు వేలకు పైగా అధ్యయనాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సమీక్షించి, మేలు ఉన్నదని తేల్చింది.

తండ్రి జైలు పాలైన బిడ్డ, ఇల్లు కూల్చివేతను కళ్లారా చూసిన బిడ్డ, మతం పేరిట బడిలో ఎగతాళికి గురైన బిడ్డ మన మొహల్లాల్లో ఉంటే మనం వకీలు కోసం, రేషన్ కోసం పరుగెత్తుతాము. అవి తప్పనిసరి. అయితే ఆ బిడ్డ మనసును పలకరించేదెవరు? వారానికొక గంట, కొన్ని తెల్లకాగితాలు, రంగు పెన్సిళ్లు చాలు. ప్రాణుల బొమ్మలకు అభ్యంతరమున్న కుటుంబాలకు ఖత్తాతీ, లతలు, జ్యామితి రూపాలు, కుట్టుపని ఉన్నాయి. మార్కులు వేయకండి. అర్థమేమిటని నిలదీయకండి.

నిద్రలేమి, తిండి మానడం కొనసాగితే తప్పక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ మానసిక వైద్యసేవలు పొందడం 2017 చట్టం ఇచ్చిన హక్కు. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

వచ్చే శుక్రవారం నుంచే ఒక గదిని పిల్లలకు కేటాయించండి. గీసిన ప్రతి కాగితం మీద బిడ్డ చేతనే పేరు రాయించండి. ఖుదా హాఫిజ్.