కోసిన వంకాయ, వయసైన ధమని

కోసిన వంకాయ ముక్కను ఉప్పునీళ్లలో వేయకపోతే కాసేపట్లో నల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. వయసు మీదపడ్డాక ధమనుల లోపలి పొరలోనూ ఇలాంటి గొడవే. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఫ్రీ రాడికల్స్ ఎక్కువై, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తాయి. నాళం బిగుసుకుంటుంది.

మరి ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునే విటమిన్ ఇ మాత్ర వేసుకుంటే పోదా? 2000లో వెలువడిన హోప్ పరిశోధనలో 9 వేలకు పైగా మందిని నాలుగున్నరేళ్లు గమనించారు. గుండెపోట్లు తగ్గలేదు. 2018లో అమెరికాలోని కొలరాడో పరిశోధకులు నేరుగా మైటోకాండ్రియాలోకే చేరే మైటోక్యూ అనే మాత్రను 60 నుంచి 79 ఏళ్లవారికి ఆరు వారాలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే చేతి ధమని విప్పారడం 42 శాతం మెరుగైంది. కానీ వాళ్లు 20 మందే సుమండీ! అప్పుడే మందుల షాపుకు బయల్దేరకండి.