చర్మముపై పొక్కులు – మాటలు, అర్థములు



తామర యనగా కొలనిలోని పువ్వు. తామర యనగా చర్మవ్యాధియు. తట్టు యనగా చేతితో చేయు పని. పసిబిడ్డలకు జ్వరముతో లేచు ఎఱ్ఱని పొక్కులును తట్టే. అమ్మవారు గుడిలోని దేవత. పూర్వము మశూచికమునకును, నేడు ఆటలమ్మకును అదియే పేరు. ఒకే మాటకు పెక్కర్థము లుండుట భాషకు సొంపు. కాని ఒకే పేరుతో పెక్కు రోగములను పిలుచుట ప్రాణమునకు ముప్పు. పేరు వినినంతనే ఇంటివారు చేయు పని నిర్ణయమగును గదా!

అమ్మవారనగానే గుమ్మమునకు వేపమండలు కట్టి, పరులను రానీయరు. రోగిని వేఱుగా నుంచుట మేలే. వైద్యునిగూడ రానీయకుండుట కీడు. మశూచికము 1975 తరువాత మన దేశమున కానరాలేదు. 1980లో ప్రపంచారోగ్యసంస్థ అది లోకమంతట అంతరించినదని ప్రకటించెను. దానిని తఱిమినది టీకాయే. తట్టు మాత్రము నేటికిని ఉన్నది. న్యుమోనియాకు, కంటిచూపు పోవుటకు దారితీయగలదు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండినప్పుడు ఒకసారి, పదునాఱు మొదలు ఇరువదినాలుగు నెలల నడుమ మఱియొకసారి దానికి టీకా వేయించవలెను.

ఇక దురదల సంగతి. గజ్జికి కారణము చర్మమును తొలుచు సూక్ష్మమైన పురుగు. దాని దురద రాత్రివేళ హెచ్చును. ఇంటిల్లిపాది ఒకేసారి మందు రాచుకొననిదే అది వదలదు. తామర బూజుజాతికి చెందినది; అంచు ఎఱ్ఱబడి గుండ్రముగా వ్యాపించును. దద్దుర్లు తిన్నదో, వాడిన మందో పడకపోవుటచే లేచి, సాధారణముగా ఒక దినములో అణగును. వానితోపాటు పెదవులు, నాలుక వాచి ఊపిరాడకున్నచో తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

అన్నింటికంటె మోసకరమైనది నొప్పి, దురద లేని మచ్చ. పాలిపోయిన మచ్చను తామరయని తలచి ఏండ్లు గడుపువారు కలరు. దానిపై స్పర్శ తెలియకున్నచో అది కుష్ఠు కావచ్చును. ఆ వ్యాధి శాపము గాదు. దాని సూక్ష్మక్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. నేడు ఆఱు మొదలు పండ్రెండు మాసముల మందులతో అది నయమగును. ప్రభుత్వ వైద్యశాలలలో ఆ మందు లుచితము. ఆలస్యము చేసినచో నరములు చెడి వ్రేళ్లు వంకరపోవును.

కావున పేరు పెట్టుటకు ముందు మూడు విషయములు చూడవలెను: జ్వర మున్నదా? దురద యున్నదా? మచ్చపై స్పర్శ యున్నదా? మాటకు అర్థము నిఘంటువు చెప్పును. మచ్చకు అర్థము వైద్యుని పరీక్షయే చెప్పును.