మోటారు కారు అద్దములు - వాని గుణభేదములు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మోటారు కారు అద్దములను గూర్చి గ్రామ పంచాయతీ సభ్యులకు చెప్పవలసినదేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. అది కార్లను తయారుచేయువారును, బాగుచేయువారును తెలిసికొనవలసిన సంగతి గదా యని అనుకొనవచ్చును. కాని రోడ్డుమీద కారు బోల్తాపడినప్పుడు గాని, కాలువలోనికి జారినప్పుడు గాని మొట్టమొదట అచ్చటికి పరుగెత్తి వచ్చువారు పోలీసులు కారు, అగ్నిమాపక దళమువారు కారు; ప్రక్క పొలములో పనిచేసికొనుచున్న మన గ్రామస్థులే. వారి చేతికి ముందుగా దొరకునది బండరాయి. కంటికి ముందుగా కనబడునది కారు ముందరి పెద్ద అద్దము. రాయినెత్తి దానిపై వేయుదురు. అద్దము సాలెగూడువలె నెరియలు విచ్చునే గాని ఊడిరాదు. మరియొక రాయి వేయుదురు. లోపలనున్నవారికి మిగిలిన కొద్దిపాటి నిమిషములును ఈ విధముగా గడచిపోవును. అదే సమయమున మొనగల గునపముతో ప్రక్క అద్దము మూల ఒక్క పోటు పొడిచినచో దారి ఏర్పడును. ఒకే కారునకు అమర్చిన రెండు అద్దములలో ఇంత భేదమెందుకు ఉన్నదో వివరింపదలచినాము.

మోటారు కార్లు వచ్చిన తొలినాళ్లలో వానికి ఇంటి కిటికీలకు వాడు సాధారణపు గాజునే బిగించెడివారు. అది పగిలినచో కత్తులవంటి పొడవైన పెంకులగును. ప్రమాదమున చిన్న దెబ్బతో బయటపడవలసినవారు సైతము ఆ పెంకులు ముఖమునకును మెడకును తగిలి ప్రాణాపాయమునకు లోనగుచుండిరి. 1903లో ఫ్రాన్సు దేశమున ఎడ్వార్ బెనెడిక్టస్ అను రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఒక గాజు కుప్పె క్రిందపడెననియు, అది పగిలియు ముక్కలు విడిపోకుండ నిలిచెననియు చెప్పుదురు. అందులో మునుపుంచిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణము ఎండిపోయి, లోపలి గోడకు పలుచని పొరగా అంటియుండుటయే అందుకు కారణము. ఆ సూక్ష్మమును పట్టుకొని ఆయన రెండు గాజు పలకల నడుమ అట్టి పొరను అతికించి 1909లో పేటెంటు పొందెను. మొదటి ప్రపంచ యుద్ధమున విషవాయువు ముసుగుల కన్నులకు ఈ అద్దమునే వాడిరి. ఆ నాటి పొర ఎండకు పసుపువన్నె తిరిగెడిది. 1930ల చివర వచ్చిన పాలివినైల్ బ్యూటిరాల్ అను ప్లాస్టిక్ పొరతో ఆ లోపము తీరినది.

నేటి కారు ముందరి అద్దము ఈ జాతిదే. దీనిని లామినేటెడ్ అద్దమందురు. ఇంచుమించు రెండేసి మిల్లీమీటర్ల మందముగల గాజు పలకలు రెండు, వాని నడుమ ముప్పాతిక మిల్లీమీటరు మందముగల ఆ పొర: ఇంతే. కాని గాజు పగిలినను ముక్కలు పొరను వదలవు. పొర సాగునే కాని తేలికగా చినుగదు. లోపలివారి తల తగిలినచో ఆ విసురును కొంత తాను మ్రింగి, మనిషి బయటికి ఎగిరిపడకుండ పట్టుకొనును. పగిలిన తరువాత కూడ డ్రైవరునకు దారి ఎంతో కొంత కనబడును. మన దేశపు పాత కార్లలో అనేకములకు ముందు కూడ రెండవ జాతి అద్దమే ఉండెడిది. లారీ చక్రము క్రిందనుండి లేచిన చిన్న కంకరరాయి తగిలినను అద్దమంతయు ఒక్కసారిగా పాలవలె తెల్లబడి, డ్రైవరునకు ఏమియు కనబడకపోయెడిది.

ఆ రెండవ జాతి పేరు టెంపర్డ్ అద్దము. టఫెన్డ్ అనియు అందురు. సాధారణముగా కారు ప్రక్కలను, వెనుకను ఉండునది ఇదియే. దీనిలో పొర లేదు. ఉన్నదంతయు ఒకే గాజు. బలమంతయు దానిని కాల్చి చల్లార్చు పద్ధతిలో ఉన్నది. గాజును 600 డిగ్రీల సెంటీగ్రేడునకు పైగా కాచి, ఇరువైపులనుండి చల్లని గాలిని వేగముగా ఊదుదురు. పై భాగము వెంటనే బిగిసిపోవును. లోపలి భాగము తరువాత నెమ్మదిగా చల్లారుచు ముడుచుకొనజూచును. అప్పటికే గట్టిపడిన పై భాగమును అది లోనికి లాగుచుండును.

బండి చక్రమునకు ఇనుప పట్టా వేయుట మీరందరు చూచినదే. ఎర్రగా కాచిన పట్టాను చక్రమునకు తొడిగి నీరు పోయగా, అది ముడుచుకొని కొయ్యను నలువైపుల బిగించును. పట్టా లాగుడులో ఉండును, కొయ్య నొక్కుడులో ఉండును. టెంపర్డ్ అద్దమున లోపలి గాజు పట్టావంటిది. పై గాజు కొయ్యవంటిది. ఈ నొక్కుడు వలననే అది మామూలు గాజుకన్న నాలుగైదు రెట్లు దెబ్బకు తాళును. అరచేతితో గాని, మోచేతితో గాని ఎంత కొట్టినను చెక్కుచెదరదు. కాని మొనగల వస్తువు పై పొరను దాటి లోపలి లాగుడును తాకినచో, బిగి యంతయు ఒక్క క్షణమున విడిపోయి అద్దము మొత్తము పటికబెల్లపు పలుకులవంటి ముక్కలై రాలిపోవును. ఆ ముక్కలు గీరుకొనును గాని కత్తివలె కోయవు.

17వ శతాబ్దమున ఐరోపాలో కరిగిన గాజును చన్నీటిలోనికి చుక్కలుగా విడిచి, తోకగల గాజు బిందువులను చేసి వినోదించెడివారు. తలపై సుత్తితో కొట్టినను చలింపని ఆ బిందువు, సన్నని తోకను విరిచినంతనే పిండియై ఎగిరిపోయెడిది. టెంపర్డ్ అద్దము స్వభావము సరిగా అదియే. కనుకనే ఒకసారి తయారైన పిమ్మట దానిని కోయుటకు గాని, రంధ్రము చేయుటకు గాని వీలులేదు. కనుకనే దానిని మధ్యను కాక, క్రింది మూల చట్రమునకు దగ్గరగా పొడువవలెను.

ఇక కాలువ సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాలలో రోడ్డును కాలువయు జతగా పోవు చోట్లు మీకు చెప్పనక్కరలేదు. నీటబడిన కారు కొద్దిసేపు తేలి, ఇంజనుగల ముందు భాగమునుండి మునుగును. లోపలివారు మొదట తలుపు తీయజూతురు. మీటరు వెడల్పుగల తలుపునకు వెలుపల అర మీటరు ఎత్తున నీరు నిలిచిన, అది సుమారు 125 కిలోల బరువుతో తలుపును నొక్కును. ఏ పిన్నలు, ఏ వృద్ధులు దానిని త్రోయగలరు? విద్యుత్తుతో దిగు అద్దములు నీరు సోకిన పిమ్మట పనిచేయునను నమ్మకము లేదు. కావున నీరు అద్దము ఎత్తునకు రాకముందే ప్రక్క అద్దమును దించవలెను, లేదా పగులగొట్టవలెను. ఒడ్డునుండి దిగినవారు మనిషికి దూరముగానున్న ప్రక్క అద్దమును ఎంచుకొని, చేతికి తువాలు చుట్టుకొని పొడువవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. చప్పుడు లోనికి రాకుండుటకై ఈ మధ్య కొన్ని కార్లకు ప్రక్కలను కూడ లామినేటెడ్ అద్దములే బిగించుచున్నారు. వానిపై చిన్న సుత్తి పనిచేయదు. రంపముతో గాని, గొడ్డలితో గాని అంచువెంబడి కోయవలసియుండును. వెనుక అద్దము చాల కార్లలో టెంపర్డ్ అగుటచే దానిని ప్రయత్నింపవచ్చును. ఏ అద్దము ఏ జాతిదో తెలియుటకు దాని మూలను ముద్ర ఉండును. భారత ప్రమాణపు సంఖ్య ఐ.ఎస్. 2553తోపాటు జాతి పేరు సామాన్యముగా అందులోనే కనబడును. మీ యొద్దనో, మీ బంధువుల యొద్దనో కారున్నచో ఇంటికి పోయి ఆ ముద్రను చదువుడు. అక్కర పడినప్పుడు చదువుటకు తీరికయుండదు.

ప్రక్క అద్దములకు నల్లని పొర అంటించుకొను సరదా పల్లెలకును ప్రాకినది. ముందు వెనుక అద్దములగుండ కనీసము 70 శాతము, ప్రక్క అద్దములగుండ 50 శాతము వెలుతురు పోవలెనని నిబంధన కలదు. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఈ నల్లపొరలను నిషేధించుచు తీర్పు చెప్పినది. మా దృష్టిలో మరియొక చిక్కు కూడ కలదు: పొర అంటించిన టెంపర్డ్ అద్దము పగిలినను ముక్కలు రాలక వ్రేలాడుచుండును.

బస్సుల మాట కూడ ఒకటి. 2013 అక్టోబరు 30న నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెమువద్ద ఒక ఏ.సి. బస్సు మంటలలో చిక్కి 45 మంది మరణించిరి. అట్టి బస్సుల కిటికీలు తెరచుకొనవు. ఎక్కినప్పుడే సుత్తి ఎచ్చటనున్నదో చూచుకొనవలెను.

సహాయము చేయబోయి కేసులో ఇరుకుదుమేమో అను జంకు గ్రామములలో ఇంకను కలదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, సద్బుద్ధితో సాయపడినవాని పొరపాటువలన బాధితునకు హాని కలిగినను అతనిపై సివిలు గాని, క్రిమినలు గాని చర్య ఉండదు. ఈ మాటను గ్రామసభలో చదివి వినిపింపుడు.

కాలువగట్టు మీదనో, పెద్ద రోడ్డు మీదనో ఉన్న గ్రామములలో ఒక మొనగల సుత్తి, ఒక రంపము, పొడవైన మోకు, టార్చిలైటు పంచాయతీ ఉంచినచో చాలును. ఖర్చు స్వల్పము. వానిని రోడ్డు ప్రక్కనున్న టీ దుకాణమునందో, రాత్రియందును మనుష్యులు మెలగు మరియొక తావునందో ఉంచవలెను గాని, తాళపుచెవి గుమాస్తాయొద్ద ఉండు గదిలో ఉంచరాదు.