కొండదారిలో చదువు

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)



మన పాఠశాలకు డెబ్బయి అయిదేండ్లు నిండిన ఈ శుభవేళ ఒక ప్రతిపాదనను మీ ముందుంచుతున్నాను. పై తరగతుల బాలబాలికలను ఏటా ఒకమారు కొండయాత్రకు తీసుకొని వెళ్ళాలని మా సంకల్పం. "ఆడపిల్లలను అడవికి పంపడమా?" అని కొందరు తల్లులు ఇదివరకే అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి బదులు చెప్పవలసిన బాధ్యత నాది.

ముందుగా భయం కలిగించే సంగతినే చెబుతాను. 2018 మార్చి 11న మన పొరుగున ఉన్న తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు చెలరేగి, కాలినడకన వెళ్ళినవారిలో 20 మందికి పైగా మరణించారు. ఎండుగడ్డి నిండిన వాలుపై నిప్పు మనిషికంటె వేగంగా పైకి పాకుతుంది. కనుక వేసవిలో మన యాత్ర ఉండదు. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి తోడు లేనిదే అడుగు కదలదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఇటువంటి నడకల కోసమే 40 దారులను ఏర్పరచింది.

ఇక రెండవ సంగతి. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేండ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆ విజయాన్ని కేవలం సాహసఫలమని తలచరాదు. భువనగిరి బండపై మొదలుపెట్టి, డార్జిలింగులోనూ, లడాఖు చలిలోనూ మెట్టుమెట్టుగా పొందిన శిక్షణకు అది ఫలం. భయానికి సరియైన మందు సన్నద్ధతయే.

మనం ఎవరెస్టును కోరడం లేదు. మన ఊరికి పడమట, ప్రతిదినం సూర్యుడు అస్తమించే కొండలు చాలు. 2021లో ఏర్పడిన శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల అభయారణ్యం అక్కడే ఉన్నది. ఆ వనంలోని బూడిదవన్నె పెద్ద ఉడుతను మన పిల్లలలో ఎందరు చూశారు? తాతలకు తెలిసిన చెట్లపేర్లు మనుమలకు తెలుసునా?

కొండదారిలో ఎవరి మూట వారే మోయాలి. ఏది అవసరమో, ఏది అనవసరమో వీపే చెబుతుంది. అందరికంటె మెల్లగా నడిచేవాని నడకయే జట్టు నడక. ముందున్నవాడు ఆగాలి, వెనుక ఒక పెద్ద ఉండాలి. మబ్బు కమ్మితే, వాగు పొంగితే, శిఖరం కనబడుతున్నా వెనుదిరగాలి. వెనుదిరగడం ఓటమి కాదని పరీక్షల మార్కులు నేర్పలేవు, కొండ నేర్పుతుంది.

తిరిగివచ్చిన ప్రతి బిడ్డా తాను చూసినది తన తెలుగులో వ్రాయాలి. ఆ వ్రాతలను పాఠశాల భద్రపరుస్తుంది.

తల్లులారా, తండ్రులారా! బలవంతం లేదు. మీ సమ్మతి పత్రం లేనిదే ఏ బిడ్డనూ తీసుకొనిపోము. అయితే కొడుకు పత్రంపై సంతకం చేసే చేయి, కూతురి పత్రం దగ్గర ఆగరాదని మాత్రం వినయంగా వేడుకొంటున్నాను.

సెలవు.